టెక్కలి ఎత్తు మీద నాలుగో ఇంజిన్

ఫోనులో జగన్నాథం మాస్టారు చెప్పింది ఒకటి, త్రిపురసుందరి చెవిన పడింది ఇంకొకటి. తప్పు ఆమె చెవిది కాదు, ఆమె ఆఫీసు కింద నడిచే జీడిపప్పు మిల్లుది. పలాసలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నవాళ్ళకి జీడిపలుకులు దొరికినంత తేలిగ్గా మనుషుల పలుకులు దొరకవు.

"మేడమ్, మూడు మోటారు బోట్లు కాలిపోయాయి. నాలుగోది కూడా పోతే మా పిల్ల భవిష్యత్తు పోయినట్టే. వెంటనే టెక్కలి కాలేజీకి రండి," అని ఆమెకి వినిపించింది.

టెక్కలిలో సముద్రం ఎక్కడిది అన్న అనుమానం డిటెక్టివ్‌కి రావలసిన మొదటి అనుమానం. అది సుందరికి స్కూటరు మీద సగం దారి వచ్చాక గానీ రాలేదు. అప్పటికే ఆమె అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే తమ్ముడి వరస వాడికి ఫోన్ చేసేసింది. ఆమె కాలేజీ గేటు దగ్గర దిగేసరికి ఎర్ర బండి వచ్చి నిలబడి ఉంది. గొట్టాలు పట్టుకున్న నలుగురు మనుషులు పడవల కోసం బాస్కెట్‌బాల్ కోర్టు అంతా వెతుకుతున్నారు.

జగన్నాథం మాస్టారు పరుగెత్తుకొచ్చి అరచెయ్యి చాచాడు. అందులో చిటికెనవేలి గోరంత పచ్చ బిళ్ళ ఉంది. దాని మధ్యలో నల్లటి మచ్చ.

"బోట్లు కాదు మేడమ్, బోర్డులు. బొమ్మ రైలింజిన్లో మోటారుని నడిపే బోర్డులు."

ఫైరు బండి పెద్దాయన ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, దీనికి మా టాంకరెందుకు, నీ సెంబుడు నీళ్ళు సాలవా," అని టీ తాగి బండి తిప్పుకుని పోయాడు.

ఇదంతా మెట్ల మీద నిలబడి చూస్తున్న మనిషి ఒకడు నవ్వాపుకోలేదు. సన్నగా, పొడుగ్గా, చేతిలో టాబ్లెట్టుతో ఉన్న ఆయన పేరు ఫణిశంకర్. సింధుతీర లాజిస్టిక్స్ అనే కంపెనీ తరఫున ఈ బోర్డుల సంగతి తేల్చడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన భద్రతా విచారణాధికారి. పేరులో ఫణీ ఉంది, శంకా ఉంది. అవసరమైతే పడగ, లేకపోతే అనుమానం.

"మీ ఏజెన్సీ మామూలుగా ఏం చేస్తుంది మేడమ్?" అన్నాడు.

"పెళ్ళికొడుకుల వాకబు."

"ఇది ఎలక్ట్రానిక్స్."

"వాళ్ళూ అంతే నాయనా. బయటికి దీపాల్లా మెరుస్తారు, లోడు పడితే గానీ అసలు సంగతి తెలీదు."

త్రిపురసుందరి ఇరవై ఏళ్ళు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా తప్పిపోయిన మూటలు వెతికింది. ఉద్యోగం వదిలినా వెతుకులాట వదల్లేదు. ఒకరి నవ్వుకి ఉలిక్కిపడే వయసు దాటి చాలా కాలమైంది.

హాల్లోకి నడుస్తూ మాస్టారు కేసు చెప్పాడు. మూలపేట రేవు నుంచి పలాస దాకా సరుకు రైలు ఎలా నడుస్తుందో చూపించే నమూనా అది. కట్టింది ఆఖరి సంవత్సరం చదివే దుర్గ, ఉద్దానం తీరంలో చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల. రేపు ఉదయం కంపెనీ ఇంజనీరు నాగసుధ వచ్చి చూస్తుంది. రైలు ఆగకుండా నడిస్తే దుర్గకి కంపెనీలో శిక్షణ, తర్వాత ఉద్యోగం. నడవకపోతే ఆ సీటు ఇంకెవరికో. ఇంజిన్లు నాలుగు, ఒక్కొక్క దాని కడుపులో ఒక్కొక్క బోర్డు. సోమవారం ఒకటి కాలింది, మంగళవారం ఒకటి, నిన్న ఒకటి. మూడూ మధ్యాహ్నం భోజనాల తర్వాతే. మూడూ ఒకే చోట, రైలు టెక్కలి దాటి ఎత్తు ఎక్కేటప్పుడు.

"పొద్దున్న నడిపితే?"

"పువ్వులా నడుస్తాయి మేడమ్. భోజనం చేసొచ్చాక కమురు వాసన."

"భోజనాల వేళ హాలు తాళం దుర్గ దగ్గరే," అన్నాడు ఫణిశంకర్ వెనక నుంచి. "ఇంకెవరూ లోపలికి రారు. చవక బోర్డులు వేసి ఉంటుంది, లేదా ఎవరికో అమ్ముడుపోయి ఉంటుంది. నా రిపోర్టు తయారైంది. నాగసుధ మేడమ్ ఈరోజే టెక్కలి వచ్చారు, ఇక్కడికే రమ్మన్నాను. ఆవిడ ముందు నాలుగోది నడుపుదాం. కాలితే కేసు మూసేద్దాం."

"కాలితే కేసు కాదు, పిల్ల నోరు మూస్తావు," అంది సుందరి. "నేను చెప్పేదాకా ఆ ఇంజిన్ కదలకూడదు."

"మీకేం అధికారం?"

"నాకు లేదు. హాలు మాస్టారిది."

మాస్టారు గొంతు సవరించుకుని, "కదలదు," అన్నాడు. ఫణిశంకర్‌కి ఇంజనీరింగులో ఒక పట్టా, లాలో ఒక పట్టా ఉన్నాయి. రైలు నడవడానికి రెండు పట్టాలు చాలు గానీ, వాటి మీద రైలు కూడా ఉండాలి.

హాలు గుమ్మానికి కంపెనీవాళ్ళు పెట్టిన 'బయటివారికి ప్రవేశం లేదు' అన్న బోర్డు ఉంది. ఆ ఆవరణలో కాలకుండా మిగిలిన పెద్ద బోర్డు అదొక్కటే. లోపల గది పొడవునా బల్ల. నీలం కాగితం సముద్రం, అగ్గిపెట్టెలంత గోదాములు, చివరికి వెళ్ళేకొద్దీ పైకి లేచే పట్టాలు. రేవు దగ్గర నాలుగో ఇంజిన్ ఎనిమిది డబ్బాలు తగిలించుకుని సిద్ధంగా ఉంది. దాని పక్కన దుర్గ. రెండు రోజులుగా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి, ఏడవలేదని గడ్డం చెబుతోంది.

సుందరి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. రేవు దగ్గర వంగింది. కాగితం సముద్రం అంచున, పట్టాల పక్కన, చిన్న బిళ్ళ ఒకటి తళుక్కుమంది. గోటితో లేపి వేలి మీద పెట్టుకుంది.

"అలంకారానికి చల్లిన మెరుపు. నేను మొదటిరోజే చూశాను," అన్నాడు ఫణిశంకర్.

సుందరి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, దుర్గ వైపు తిరిగింది.

"మధ్యాహ్నం లోపల ఎవరుంటారు?"

"నేనొక్కదాన్నే అండి."

"అన్నం?"

"ఇక్కడే తింటాను."

"ఇవాళ ఏం కూర?"

దుర్గ ఒక్క క్షణం ఆలస్యం చేసింది. "పప్పండి."

"పప్పుకి పొలుసులుంటాయేటమ్మా?" అని సుందరి వేలు చాచింది. "పులుసు గిన్నెకి అంటుకుని రావలసిన పొలుసు పట్టాల మీద పడింది. ఇది నీ చేతి నుంచి రాలింది కాదు. పొద్దున్నుంచి బజార్లో చేపలు కోసిన చేతి నుంచి రాలింది."

దుర్గ తల వంచుకుంది. మాస్టారి వైపు ఒకసారి, గుమ్మం మీది బోర్డు వైపు ఒకసారి చూసింది.

"చూశారా, అబద్ధం," అన్నాడు ఫణిశంకర్.

"చూశాను. దొంగ చెప్పే అబద్ధం వేరు, ఇంటిపిల్ల చెప్పే అబద్ధం వేరు. పార్సిల్ ఆఫీసులో రెండూ రోజూ వినేదాన్ని." సుందరి కాలిపోయిన ఇంజిన్లలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చక్రాన్ని వేలితో తోసింది. అది కదల్లేదు. "ఇది బిగుసుకుపోయిందా?"

"లేదండి," అంది దుర్గ. రైలు మాట వచ్చేసరికి ఆమె గొంతు నిలబడింది. "మంచి ఇంజిన్ చక్రం కూడా చేత్తో తిప్పితే తిరగదు. లోపల మర గేరుంటుంది. మోటారు చక్రాన్ని తిప్పగలదు గానీ, చక్రం మోటారుని తిప్పలేదు."

"అంటే మంచిదీ చెడ్డదీ ఒకేలా మొండికేస్తాయన్నమాట. మా పాత ఆఫీసు గుర్తొస్తోంది. సరే, బోర్డు ఎప్పుడు కాలుతుంది?"

"లోడు ఎక్కువైతే అండి. మోటారు హాయిగా తిరిగేటప్పుడు కరెంటు తక్కువే తింటుంది. ఏదైనా అడ్డుపడి ఆగిపోతే అప్పుడు నాలుగింతలు లాగుతుంది. బోర్డు అంత మొయ్యలేదు."

"పని చేసేటప్పటికంటే కూలబడినప్పుడే ఎక్కువ తింటుందన్నమాట. మా మావయ్య కూడా అంతే. మరి బోర్డుకి కాపలా ఏదీ?"

దుర్గ పెదవి కొరుక్కుంది. "డబ్బాలు ఎనిమిదే కదా, ఎత్తు కూడా చిన్నదే కదా, అక్కర్లేదనుకున్నానండి."

"కాలిన మూడింటినీ విప్పి చూశారా?"

"చూశాం," అన్నాడు మాస్టారు. "బోర్డు పైన ఉంటుంది. పైమూత తీసి చూశాం."

"పొగ పైన వచ్చిందని పైనే చూశారు. పొయ్యి కింద కదా ఉండేది." సుందరి నాలుగో ఇంజిన్ ముందు నిలబడింది. ఇవాళ మధ్యాహ్న భోజనం కూడా అయిపోయింది. జరగవలసింది జరిగిపోయే ఉంటే, అది ఈ ఇంజిన్లో కూర్చుని ఎత్తు కోసం ఎదురుచూస్తోంది. "దుర్గా, నాకిప్పుడు నేరం మళ్ళీ జరగాలి. చావు మాత్రం జరగకూడదు. దారి చెప్పు."

దుర్గ ఆలోచించింది. ఆమె కళ్ళు కిటికీలోంచి బయటికి, సుందరి స్కూటరు మీదికి పోయాయి.

"మీ బండి వెనక దీపం బల్బు ఇస్తారా?"

అయిదు నిమిషాల్లో ఆ బల్బు, పట్టాలకి కరెంటు తెచ్చే తీగ మధ్యలో కూర్చుంది. దుర్గ అందరికీ వినబడేలా చెప్పింది. ఇంజిన్ మామూలుగా నడిస్తే దీపం వెలగదు. ఇంజిన్ గుంజుకోవడం మొదలెడితే ఆ అదనపు కరెంటు బల్బుని వేడెక్కిస్తుంది, బల్బు వెలుగుతూ దాన్ని తనే అడ్డుకుంటుంది, బోర్డు దాకా పోనివ్వదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. నాగసుధ వచ్చింది. నలభై దాటిన మనిషి, భుజాన సంచి, మొహాన ఏ భావమూ లేదు. ఆమె వెనకే కొందరు విద్యార్థులు, వాచ్‌మన్ కూడా తొంగిచూశారు. ఫణిశంకర్ ఎదురెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె చేతులు కట్టుకుని, "నడపండి," అంది.

దుర్గ మీట తిప్పింది.

రైలు రేవు దాటింది. బల్బు నల్లగానే ఉంది. గోదాములు దాటింది, బొమ్మ టెక్కలి దాటింది. ఫణిశంకర్ ముక్కు ముందుకు చాచి కమురు వాసన కోసం సిద్ధంగా ఉన్నాడు. ఇంజిన్ ఎత్తు మీదికి ముక్కు పెట్టింది. బల్బు లోపలి తీగ ఎర్రబడింది. ఇంకో జానెడు దూరం. బల్బు దీపావళి చేసింది. రైలు మూలిగి, ఎత్తు మధ్యలో ఆగిపోయింది.

పొగ రాలేదు.

దుర్గ మీట ఆపి, ఇంజిన్‌ని డబ్బాల నుంచి విడదీసి సుందరి చేతిలో పెట్టింది. సుందరి దాన్ని బోర్లా తిప్పి, భూతద్దం పెట్టి, రెండు చక్రాల మధ్య ఉన్న సన్నటి ఇరుసుని చూసింది. మొదట ఏమీ కనిపించలేదు. పక్కకి వంచితే వెలుగులో గీతలా ఏదో మెరిసింది. పట్టుకారుతో కొస దొరకబుచ్చుకుని లాగింది. వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. నీళ్ళంత తేటైన నైలాన్ పోగు, మూరెడు. ఇరుసు తిరిగినకొద్దీ చుట్టుకుంటూ గేరు పళ్ళలోకి పాకింది. చదును మీద ఎలాగో లాక్కొచ్చిన మోటారు ఎత్తు మీద చేతులెత్తేసింది.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు," అంది సుందరి. "ఇక్కడ పోగు లేనిదే పొగ రాలేదు."

"అంటే ఆధారం దొరికిందా?" అన్నాడు మాస్టారు.

"ఆ దారమే దొరికింది మాస్టారూ."

కాలిన మూడు ఇంజిన్లనీ బోర్లా తిప్పి చూశారు. మూడింటి ఇరుసులకీ అదే పోగు.

ఫణిశంకర్ పోగుని వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. పడగ లేచింది. "ఇది చేపల వల పోగు. ఈ కాలేజీలో వలలు కట్టే ఇంటి నుంచి వచ్చింది ఒక్కతే. తాళం ఆమెదే, పోగూ ఆమెదే, అబద్ధమూ ఆమెదే. మీరు నా కేసుని బలపరిచారు మేడమ్, థాంక్స్."

అతను చెప్పింది వరస ప్రకారం తప్పు కాదు. నాగసుధ చూపు దుర్గ మీద నిలిచింది. దుర్గ ఆ పోగునే చూస్తోంది. దాన్ని ఆమె గుర్తుపట్టింది. గుర్తుపట్టి, నోరు ఇంకా గట్టిగా బిగించింది.

"ఫణిగారూ," అంది సుందరి, "రేపు పెళ్ళి పెట్టుకుని ఇవాళ తన పందిరికి తనే నిప్పు పెట్టుకునే పిల్లని నేను ఇంతవరకు చూడలేదు. ఎవరినో కాపాడుతోంది. ఎవరిని కాపాడుతుందో అడుగు."

"అడుగుతాను. ఎవరిని?"

"నన్ను బాబూ."

గుమ్మం దగ్గర గుంపు పక్కకి జరిగింది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, కడిగిన కేరియరు చంకలో పెట్టుకుని బుచ్చమ్మ నిలబడి ఉంది. దుర్గ తల్లి. పొద్దున్న టెక్కలి బజార్లో చేపలమ్మి, మధ్యాహ్నం కూతురికి కూడు తెచ్చి, అది తినేదాకా ఉండి వెళుతుంది. బయటివాళ్ళు రాకూడదన్న బోర్డు ఆమె చదవలేదు. కూతురు చదివింది, చెప్పలేదు.

"అమ్మా, నువ్వెళ్ళు," అంది దుర్గ.

"నానెందుకెల్తాను. అది నాను కట్టినాను." బుచ్చమ్మ బల్ల దాకా వచ్చింది. "మా కాడ పడవకి కొత్తింజిను బిగిత్తే, నిండుగా ఏట పడిన వల్లోంచి ఓ పోగు తీసి దానికి కడతాం. ఎవులి కంటా పడకుండా కట్టాల, ఎవులికీ సెప్పకూడదు. దుర్గ నాయిన ఎల్లాజీ పడవింజినుకి నానే కట్టినాను. ఆరేళ్ళయినాది, నడి సముద్రంలో ఒక్కసారి ఆగనేదు. పిల్ల ఇంజిను కూడా ఆగకూడదని దీనికీ కట్టినాను. అది సెయ్యి కడుక్కోడానికి ఎల్లినప్పుడు."

"చక్రాలకా?" అన్నాడు ఫణిశంకర్.

"సక్రాలకి ఎందుకు కడతాను, నాకా మాత్రం తెల్దేటి? వల సుట్టుకుంటే పడవ పంకా ఏటవుతాదో నీకంటే నాకే తెల్సు. పడవింజినుకైతే పట్టుకునే పిడి కాడ కడతాం. దీనికి పిడి ఏదీ? తిరగేసి సూసినాను. కింద సన్నటి ఊస కనిపించినాది. కదిపి సూసినాను, కదల్లేదు. కదలంది గదా అని దానికే కట్టినాను."

చేత్తో తిప్పితే తిరగని ఇరుసు. ఇంజనీర్లకే తేడా తెలియని ఇరుసు.

"మొదటిది కాలిపోనాది. దిట్టి తగిలిందనుకున్నాను. రెండోదానికి రెండు మెలికలేసినాను. మూడోదానికి మూడు."

ఫణిశంకర్ గొంతు తగ్గింది. "ఇవాళ?"

"నాలుగు బాబూ." బుచ్చమ్మ కూతురి వైపు చూడలేకపోయింది. "రచ్చ కడుతున్నాననుకున్నాను. నా పిల్ల నోటికాడ కూడు నానే తన్నేసినాను."

రక్ష కట్టిన చేతే శిక్ష వేయించింది. ఆ మాట సుందరి నాలుక చివరిదాకా వచ్చింది. చమత్కారాన్ని మింగడం ఆమెకి జీడిపిక్క మింగినంత కష్టం. అయినా మింగింది.

నాగసుధ అప్పుడు నోరు విప్పింది. "దుర్గా, మీ అమ్మగారి సంగతి అర్థమైంది. నాకు అర్థం కానిది ఒకటుంది. ఒక్క పోగుకి నీ డిజైన్ మొత్తం పడిపోయింది. నేనేమనుకోవాలి?"

కరుకైన ప్రశ్నే. సుందరికి సహాయం చేయాలనిపించింది గానీ అది ఆమె చేయగలిగింది కాదు.

దుర్గ ఇంజిన్‌ని చేతిలోకి తీసుకుంది. నాగసుధకే కాదు, గుమ్మంలో ఉన్న వాళ్ళందరికీ కనిపించేలా తిప్పి పట్టుకుంది.

"పడిపోయిందనే అనుకోండి మేడమ్. పోగు మా అమ్మ కట్టింది, కాపలా లేకుండా బోర్డు పెట్టింది నేను. రేవు పక్కన రైలు నడిస్తే పట్టాల మీదికి తాళ్ళొస్తాయి, ఇసుకొస్తుంది, తెగిన వలలొస్తాయి. ఎవరూ కట్టకపోయినా ఏదో ఒకరోజు చుట్టుకుంటాయి. చక్రం ఆగితే ఆగాలి, బోర్డు మాత్రం చావకూడదు. ఈ నాలుగో బోర్డు బతికే ఉంది. బల్బు పెద్దది, ఇంజిన్లో పట్టదు. దాని బదులు వేడెక్కితే తనంతట తనే తెగి, చల్లారాక మళ్ళీ కలిసే ఫ్యూజు ఉంటుంది, మిరపగింజంత. మా ల్యాబులో ఉన్నాయి. సాయంత్రంలోగా పెట్టేస్తాను."

"నా ఫీజు సంగతి తర్వాత చూద్దాం," అంది సుందరి, ఇక ఆగలేక. "ముందు దాని ఫీజు పెట్టు."

నాగసుధ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వో కాదో తేలకముందే సర్దుకుంది. "ఫణిశంకర్, మీ రిపోర్టు?"

ఆయన టాబ్లెట్టు వైపు చూసుకున్నాడు. వేలితో ఒకసారి గీశాడు, రాసినదంతా పోయింది. "మధ్యాహ్నమే ఎందుకు కాలుతున్నాయని మూడు రోజులు అడిగాను," అన్నాడు సుందరితో. "మధ్యాహ్నం ఈ పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారని అడగలేదు."

"పెళ్ళికొడుకుల వాకబులో మొదటి ప్రశ్న అదే నాయనా."

నాగసుధ సంచి భుజానికెత్తుకుంది. "రేపు పది గంటలకి వస్తాను. రైలు బాగా నడవడం చూడ్డానికి కాదు. ఎత్తు మీద ఇంజిన్‌ని నా చేత్తో పట్టుకుని ఆపుతాను. వదలను. బోర్డు కాలిందంటే, ఈ కథలన్నీ నేను వినలేదనుకో."

"పట్టుకోండి మేడమ్," అంది దుర్గ. "మీ చెయ్యి నొప్పెట్టేదాకా పట్టుకోండి."

గుమ్మంలో ఎవరో ఈల వేశారు. మాస్టారు ఆ వైపు కళ్ళెర్రజేసి, తనే నవ్వేశాడు. బుచ్చమ్మ మాత్రం బల్ల దగ్గర నుంచి కదల్లేదు. పట్టుకారు పక్కన పడి ఉన్న పోగుని తీసి వేలికి చుట్టుకుంది. ఇంజిన్ కప్పు మీది చిన్న ఇత్తడి కమ్మీని మునివేలితో తాకింది.

"ఇది తిరుగుతాదేటే?"

"తిరగదమ్మా."

"మీటేసినా?"

"మీటేసినా తిరగదు."

"అయితే ఇక్కడ కడతాను," అంది బుచ్చమ్మ. పోగు కొసని నోటితో తడిపి, గుమ్మం వైపు తలెత్తింది. "రండి, దగ్గరికొచ్చి నిలబడండి. ఈసారి అందరూ సూడండి."